పదకొండు హార్డ్‌డిస్కులు, 45 వేల రూపాయలు: నరసరావుపేటలో కట్టిన ఇంటి సర్వర్

2025 ఫిబ్రవరి చివర్లో నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన పెళ్లి ఫొటోగ్రాఫర్. కింద స్టూడియో, పైన ఇల్లు. ఆయన ఎడిటింగ్ సిస్టమ్ కొన్నేళ్ల కిందట నేనే అసెంబుల్ చేశాను, అప్పటి నుంచి పరిచయం. "తమ్ముడూ, మొన్న మాఘమాసంలో తీసిన పెళ్లి మొత్తం పోయేట్టుంది. డిస్కు టకటకా కొట్టుకుంటోంది" అన్నారు. ఆ చప్పుడు వస్తే ఇక దాన్ని తిప్పొద్దని చెప్పి, కరెంటు తీసేయించి, రికవరీ వాళ్ల దగ్గరికి పంపించాను. 28 వేలు అడిగారు, గ్యారెంటీ లేదన్నారు. అదృష్టం కొద్దీ ముప్పాతిక భాగం ఫొటోలు వచ్చాయి. తాళి కట్టే ఘట్టం వచ్చింది, అప్పగింతలు రాలేదు. పెళ్లివారికి ఏం చెప్పుకున్నారో నేను అడగలేదు.

వారం తర్వాత నేను గుంటూరు నుంచి వెళ్లాను. బీరువా తలుపు తీసి చూపించారు. పదకొండు పోర్టబుల్ హార్డ్‌డిస్కులు, ఒక్కోదాని మీద మెడికల్ షాపులో దొరికే తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద మార్కర్‌తో పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు. అన్నిటినీ ఒక్కొక్కటిగా తగిలించి చూస్తే రెండు అసలు కనపడలేదు. ఇంకో దాంట్లో పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్కు సరిగా చదవలేకపోతున్న చోట్లు, వందల్లో ఉన్నాయి. ప్రతి పెళ్లీ ఒక్క డిస్కులోనే ఉంది, రెండో కాపీ లేదు. ఆయన అడిగింది సూటిగానే ఉంది: "45 వేలు పెడతాను. ఇంట్లోనే ఒక సర్వర్ లాంటిది కట్టు. మళ్లీ ఇలా జరగకూడదు."

అక్కడికి నెల ముందే ఆయన ఊళ్లో ఒక షాపులో కొటేషన్ తీసుకున్నారు. అది చదివితే నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. 62 వేల రూపాయలు. ఐ5-13400ఎఫ్ ప్రాసెసర్, ఒక గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు పంచే పెట్టె), ముందువైపు అద్దం, రంగుల లైట్లున్న క్యాబినెట్. చివరి లైనులో ఒకే ఒక్క 4 టీబీ డిస్కు. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో లోపల గ్రాఫిక్స్ ఉండవు, అందుకే కార్డు పెట్టారు. సర్వర్‌కు మానిటర్ కావాల్సింది మొదటి రోజు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక గంట, అంతే. ఆ గంట కోసం కార్డు, ఆ కార్డు కోసం పెద్ద ఎస్‌ఎంపీఎస్, ఆ రెండింటి వేడి కోసం నాలుగు ఫ్యాన్లు. ఫొటోలు దాచడానికి కొంటున్న పెట్టెలో ఫొటోలు ఉండే చోటుకు పెట్టింది మాత్రం మొత్తం డబ్బులో ఆరో వంతు కూడా కాదు. షాపతను మోసం చేశాడని నేను అనను. అతను రోజూ అమ్మేది గేమింగ్ మెషీన్లు, అదే అచ్చులో దీన్నీ పోశాడు.

ముందు అడగాల్సిన ప్రశ్న

నేను పార్టుల జోలికి వెళ్లకుండా ఆయన పక్కన కూర్చుని లెక్క రాయించాను. ఏడాదికి ముప్ఫై పెళ్లిళ్లు. రెండు కెమెరాల రా ఫొటోలు (కెమెరా కుదించకుండా ఇచ్చే పెద్ద ఫైళ్లు), వీడియో కలిపితే సగటున ఒక పెళ్లికి 120 జీబీ. పెద్ద పెళ్లిళ్లు అంతకు రెట్టింపు కూడా అవుతాయి. సెకనుకు 100 మెగాబిట్ల మీద 4కే తీస్తే గంటకే 45 జీబీ పడుతుంది. అంటే ఏడాదికి 3.6 టీబీ. ఐదేళ్లు అంటే 18 టీబీ. ఆ లెక్కన 45 వేలలో సర్వర్ ఆలోచనే మానేయాలి.

అప్పుడు అడిగాను: "అన్నా, ఆల్బమ్ ఇచ్చేసి డబ్బులు తీసుకున్న ఆరు నెలలకు కూడా ఎవరైనా వచ్చి రా ఫైళ్లు అడిగారా?" కాసేపు ఆలోచించి, ఇన్నేళ్లలో ఇద్దరంటే ఇద్దరు అన్నారు. మరి డిలీట్ చేయొచ్చు కదా అంటే మొహం మారిపోయింది. తీసిన ఫొటో చెరిపేయడం ఆయనకు ఇష్టం లేదు. ఇక్కడ వదిన మధ్యలోకి వచ్చారు. లెక్కలన్నీ ఆవిడే చూస్తారు. "అడగని వాటికి అద్దె కడుతున్నట్టుంది" అన్నారు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ఆల్బమ్ చేతికిచ్చిన ఆరు నెలల దాకా అన్నీ ఉంటాయి. ఆ తర్వాత ఎంచిన ఫొటోలు, ఫైనల్ వీడియో మాత్రమే, పెళ్లికి దాదాపు 25 జీబీ. దాంతో ఒక సమయంలో నడుస్తున్న పెళ్లిళ్లకు 2 టీబీ లోపు, శాశ్వతంగా ఉండేది ఏడాదికి 750 జీబీ చాలు. రెండు 4 టీబీ డిస్కుల్ని అద్దం బొమ్మల్లా ఒకేలా రాయించి పెడితే ఏడాదిన్నర, రెండేళ్లు నడుస్తుంది. ఆ పూట టీ తాగుతూ జరిగిన ఈ బేరం ఒక 8 టీబీ జత ఖర్చును తప్పించింది. ఏ ప్రాసెసర్ మీద బేరమాడినా అంత మిగలదు.

వదిలేసిన దారులు

రెడీమేడ్ రెండు డిస్కుల నాస్ పెట్టె, అంటే నెట్‌వర్క్‌లో పెట్టి ఫైళ్లు దాచుకునేది, నిజానికి మంచి దారే. డిస్కులు లేకుండానే 20 వేలు పైన. అది పాడైతే సర్వీసు కోసం హైదరాబాద్‌కు పంపాలి, అక్కడి నుంచి ఎప్పుడొస్తుందో. ఆయన ముహూర్తాల మధ్య అది కుదరదు.

ఎన్100 బోర్డులు చూశాను. ఇంటెల్ చిన్న ప్రాసెసర్, 6 వాట్లది, కరెంటు తక్కువ తాగుతుంది. నాకు సొంతంగా ఇంట్లో అదే ఉంది. కానీ మన దగ్గర దొరికే చాలా బోర్డులు ఆన్‌లైన్‌లో ఏదో పేరు లేని దిగుమతి సరుకు. పోతే పోయినట్టే.

నేను నిజంగా తడబడింది సెకండ్ హ్యాండ్ ఆఫీస్ మెషీన్ దగ్గర. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, ఐ5-8500 ఉన్న బ్రాండెడ్ టవర్ 8 జీబీ ర్యామ్‌తో 13,500కి చెప్పారు. ఆరు కోర్లు. నాణ్యత మీద అనుమానం లేదు, ఆఫీసుల కోసం చేసిన మెషీన్లు మొండివి. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ అయిపోబోతుండటంతో, విండోస్ 11 తీసుకోని ఆరు, ఏడో తరం మెషీన్లయితే అప్పట్లో ఇంకా చవగ్గా కుప్పలు పోసి అమ్మేవారు. ఫైళ్లు దాచే సర్వర్‌కు విండోస్‌తో పనే లేదు కాబట్టి అవీ పనికొస్తాయి. నేను దాదాపు అడ్వాన్స్ ఇచ్చేశాను.

మూత తీసి చూసి ఆగిపోయాను. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, ఆ కంపెనీ సొంతది. బోర్డు ఆకారమూ సొంతదే. నేనుండేది గుంటూరులో. నరసరావుపేటలో ఒక ఆదివారం పొద్దున ఎస్‌ఎంపీఎస్ పోతే పక్క షాపులో దొరికేది మామూలు ఏటీఎక్స్ మాత్రమే. నాలుగైదు వేలు ఆదా చేసి, పోయిన రోజున పది రోజులు ఎదురుచూడటం ఆయనకు ఖరీదైన బేరం. హైదరాబాద్‌లో ఉన్న వాళ్లకు ఇదే కేసులో నేను ఆఫీస్ టవరే ఇప్పించేవాణ్ణి. చవక పార్టు అంటే ధర ఒక్కటే కాదు, అది చచ్చిన రోజు ఇంకోటి ఎంత దూరంలో దొరుకుతుందన్నదీ చూడాలి.

బిల్లు

కాబట్టి కొత్త పార్టులతోనే వెళ్లాం. ప్రాసెసర్ పెంటియం గోల్డ్ జీ7400, 6,400 రూపాయలు. రెండే కోర్లు, నాలుగు థ్రెడ్లు. "పెంటియమా? అది ఇంకా ఉందా?" అని ఆయన కంగారు పడ్డారు. ఇద్దరు మనుషులు ఫైళ్లు పెట్టి తీసుకోవడానికి ఇదే ఎక్కువ. లోపల గ్రాఫిక్స్ ఉన్నాయి, కార్డు గొడవ లేదు. అవసరమైతే రేపు అదే సాకెట్‌లో 12100 వేసుకోవచ్చు. హెచ్610 బోర్డు, డీడీఆర్4ది, 6,300. డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగు ఉన్నాయి, ఇప్పటికి రెండే వాడాం. ర్యామ్ 8 జీబీ ఒక్క స్టిక్ 1,600. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 1,900. ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్, 3,300. నాస్ డిస్కులు 4 టీబీవి రెండు, 19,600. యూపీఎస్ 600 వీఏ, యూఎస్‌బీ కేబుల్ పెట్టుకునే వీలున్నది, 4,200. 120 ఎంఎం ఫ్యాన్ 600. సాటా కేబుళ్లు, ఆర్‌జే45 కనెక్టర్లు కలిపి 300. మొత్తం 44,200. అన్నీ జీఎస్‌టీ బిల్లుతోనే. బిల్లు లేకుండా ఇస్తే 18 శాతం తగ్గుతుందని రెండు చోట్ల ఊరించారు. ఊరు కాని ఊళ్లో బిల్లు లేకుండా మదర్‌బోర్డు వారంటీ అడిగి చూడండి, ఆ 18 శాతం దేనికో తెలుస్తుంది.

క్యాబినెట్ ఖర్చు సున్నా. ఆయన అటక మీద పాత సిస్టమ్ ఒకటి ఉంది. రేకు పెట్టె, అందం లేదు, కానీ అందులో 3.5 అంగుళాల డిస్కులకు ఐదు అరలు ఉన్నాయి. ఇప్పటి అద్దాల క్యాబినెట్లలో రెండు ఉంటే గొప్ప. దుమ్ము దులిపితే లోపల ఎండిపోయిన బల్లి ఒకటి, కొన్ని చీమల పుట్టలు బయటపడ్డాయి. దాంతోపాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ కూడా వాడదామని ఆయన పట్టుబట్టారు, "దీని మీద 450 వాట్లని రాసుంది కదా" అని. స్టిక్కర్ చదివి చూపించాను: 12 వోల్టుల లైనులో 14 ఆంపియర్లు. అంటే 168 వాట్లు. మిగతాదంతా 5 వోల్టు, 3.3 వోల్టు లైన్లలో చూపించిన అంకెలు, ఇప్పటి మెషీన్లకు వాటితో పెద్దగా పని లేదు. నిజానికి మా సర్వర్‌కు వంద వాట్లు కూడా అక్కర్లేదు. డిస్కు మొదట తిరగడం మొదలుపెట్టినప్పుడు ఒక్కోటి రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, అదే పెద్ద బరువు. సమస్య వాట్లది కాదు. అది కాలిపోయేటప్పుడు ఒంటరిగా పోతుందా, డిస్కుల్ని కూడా వెంట తీసుకుపోతుందా అన్నది. రెండు డిస్కుల్లో ఒకేలాంటి కాపీ ఉన్నా రెండూ ఒకే ఎస్‌ఎంపీఎస్ మీద ఉంటాయి, ఇది చాలామంది మర్చిపోతారు. బ్రాంజ్ ముద్ర కూడా కరెంటు పొదుపు గురించి చెప్పేదే, రక్షణ గురించి కాదు. అందుకే ముద్ర చూసి కాదు, ఐదేళ్ల వారంటీ ఉన్న మోడల్ చూసి కొన్నాను.

తప్పుల్ని తానే పట్టి దిద్దుకునే ఈసీసీ ర్యామ్ ఎందుకు పెట్టలేదని తెలిసినవాళ్లు అడుగుతారు. ఈ ప్రాసెసర్‌తో పెట్టాలంటే డబ్ల్యూ680 బోర్డు కావాలి. దాని ఒక్కదాని ధరే ఈ బడ్జెట్‌ను మింగేస్తుంది.

డిస్కులు, పెంకుటిల్లు

19,600 దగ్గర ఆయన ఆగారు. "మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఇంకా తక్కువకు వస్తుంది కదా, అదీ 4 టీబీనే కదా" అన్నారు. నేను వాళ్ల వీధి చివర పెంకుటిల్లు చూపించాను. పెంకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. కొత్తగా వరుసగా పేర్చుకుంటూ పోతే బ్రహ్మాండంగా ఉంటుంది. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కిన వరుసంతా లేపి మళ్లీ పేర్చాలి. ఎస్‌ఎంఆర్ డిస్కులు అలాగే రాస్తాయి. ట్రాకుల్ని ఒకదాని మీదికి ఒకటి ఎక్కిస్తారు, అందుకే అదే పళ్లెంలో ఎక్కువ పట్టి ధర తగ్గుతుంది. ఒకసారి రాసి వదిలేసే బ్యాకప్‌కు పర్వాలేదు. కానీ జత డిస్కుల్లో ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు, ఎడతెరిపి లేకుండా గంటల తరబడి రాయాల్సి వచ్చినప్పుడు అవి నీరసపడిపోతాయి. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ ఆ డిస్కే పాడైందనుకుని పక్కన పెట్టేస్తుంది. 2020లో నాస్ కోసమని అమ్మిన డిస్కుల్లోనే ఎస్‌ఎంఆర్ ఉందని బయటపడి ప్రపంచమంతా గొడవైంది. అప్పటి నుంచి కంపెనీలు ఏ మోడల్ ఏ రకమో జాబితా పెడుతున్నాయి. డెస్క్‌టాప్ డిస్కయిన సీగేట్ బారకుడా 4 టీబీ ఎస్‌ఎంఆర్ అని వాళ్ల జాబితాలోనే ఉంటుంది. మేం తీసుకున్నవి ఒకటి ఐరన్‌వుల్ఫ్, ఒకటి డబ్ల్యూడీ రెడ్ ప్లస్. రెండూ సీఎంఆర్, అంటే ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కనివి. రెండింటికీ మూడేళ్ల వారంటీ.

రెండు వేరే బ్రాండ్లు ఎందుకంటే, ఒకే షాపులో ఒకే పెట్టెలోంచి తీసిన అన్నదమ్ములు కలిసే జబ్బు పడొచ్చు. ఒకే ఆటోలో ఎగిరెగిరి వచ్చినవి కూడా అవుతాయి. ఒకటి సీటీసీలో, ఇంకోటి విజయవాడలో కొన్నాను. ఆ ఏడాది జనవరిలోనే వాడిన డిస్కుల గంటల మీటరు చెరిపేసి కొత్తవని అమ్ముతున్న వ్యవహారం జర్మనీలో బయటపడింది. కాబట్టి ఇంటికి తేగానే సీరియల్ నంబర్లు కంపెనీ సైట్లలో కొట్టి వారంటీ తేదీ చూశాను. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో గంటలు, సీగేట్ డిస్కుకైతే లోపలుండే ఫార్మ్ లాగ్ కూడా చదివాను. మామూలు మీటరు చెరిపినవాళ్లు అది చెరపడం మర్చిపోయారు, అలాగే దొరికారు.

ఆ తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ పరీక్ష. డిస్కు మొత్తం నాలుగు రకాల నమూనాలతో రాసి, ప్రతిసారీ తిరిగి చదువుతుంది. 4 టీబీకి రెండున్నర రోజులు పట్టింది. మా ఇంట్లో హాల్లో ఆ గరగర వింటూ మూడు రాత్రులు గడిపాం. కొత్త డిస్కు పోయేదుంటే చాలాసార్లు మొదట్లోనే పోతుంది, ఆ పోయేదేదో ఎవరి పెళ్లీ అందులో లేనప్పుడే పోవాలి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. సర్వర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ట్రూనాస్, రెండు డిస్కుల్లో ఒకేలా రాసే జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్, ఫైళ్లు ఆ క్షణాన ఎలా ఉన్నాయో గుర్తుంచుకునే స్నాప్‌షాట్ గంటకోసారి. నిండేది 80 శాతం దాటితే నాకు మెయిల్ వస్తుంది.

కరెంటు నేర్పిన పాఠాలు

ఏప్రిల్ రెండో వారంలో బిగించి వచ్చాను. యూపీఎస్ పెట్టాను, కేబుల్ తగిలించాను, బ్యాటరీ మీద ఇరవై నిమిషాలు గడిస్తే సర్వర్ తనంతట తాను మూసుకునేలా పెట్టాను. ఇంట్లో ఇన్వర్టర్ కూడా ఉంది కాబట్టి ఇంక టెన్షన్ లేదనుకున్నాను.

పది రోజులకే ఫోన్. మధ్యాహ్నం కరెంటు పోయింది, అరగంటకు సర్వర్ ఠప్పున ఆగిపోయింది, మూసుకోవడం కాదు, ఆగిపోయింది. అప్పుడే కెమెరా కార్డులోంచి ఒక పెళ్లి కాపీ అవుతోంది. వెళ్లి లాగ్ చూస్తే ఆన్‌లైన్, బ్యాటరీ, ఆన్‌లైన్, బ్యాటరీ అని కొన్ని సెకన్లకోసారి మారుతూ వందల వరుసలు. ఆ టిక్ టిక్ చప్పుడు విన్నామని ఇంట్లోవాళ్లూ చెప్పారు.

తప్పు నాదే. దగ్గర్లో ఉన్న సాకెట్‌లో పెట్టేశాను, అది ఇన్వర్టర్ లైను. ఆ ఇన్వర్టర్ పాతకాలపు స్క్వేర్ వేవ్‌ది. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు కొంచెం గుయ్‌మంటూ తిరుగుతాయి తప్ప దాంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. యూపీఎస్‌కు మాత్రం ఆ కరెంటు నచ్చదు. ఇది బాగాలేదని బ్యాటరీకి మారుతుంది, మళ్లీ బాగుందేమోనని వెనక్కి వస్తుంది, మళ్లీ మారుతుంది. వెనక్కి వచ్చిన ప్రతిసారీ నేను పెట్టిన ఇరవై నిమిషాల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది. లెక్క ఎప్పటికీ పూర్తి కాలేదు, బ్యాటరీ మాత్రం అయిపోయింది.

జెడ్‌ఎఫ్‌ఎస్ పాత దాని మీద కొత్తది రాయదు, వేరే చోట రాసి తర్వాత గుర్తు మారుస్తుంది. అందుకని డిస్కుల్లో ఉన్నవన్నీ భద్రంగానే ఉన్నాయి. సగం కాపీ అయిన ఫోల్డర్ ఒకటే తేడా. కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి మళ్లీ కాపీ చేసుకున్నారు. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటర్ బోర్డు నుంచి ఇన్వర్టర్‌తో సంబంధం లేని సొంత లైను లాగించాను. ఇరవై నిమిషాల్ని ఐదుకు తగ్గించాను. కరెంటు లేనప్పుడు సర్వర్ నడవాల్సిన అవసరమే లేదు, పద్ధతిగా పడుకుంటే చాలు. కరెంటొస్తే తానే లేచేలా బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, పెట్టాను.

మే నెల మధ్యలో ఇంకో ఫోన్, ఈసారి వదిన. "ఆ డబ్బా తుడుస్తుంటే చేతికి జిల్లుమంటోందయ్యా. పిల్లలు ముట్టుకుంటే ఎట్లా?" ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే చోట, ఫేజ్‌కూ బాడీకీ మధ్య, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే రేకు పెట్టె మొత్తం దాదాపు సగం వోల్టేజీ మీద తేలుతుంది, 110, 115 వోల్టులు. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి జిల్లుమంటుంది, అంతే. కానీ ఆ జిల్లు చెప్పే మాట వేరే: నిజంగా ఏదైనా లీకైన రోజు ఆ ఇంట్లో ఆపేది ఏమీ లేదని.

మీటరు పెట్టి చూస్తే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 80 వోల్టులు దాటి చూపించింది. ఉండాల్సింది రెండు, మూడు. ఇంటి వెనక ఎర్త్ గుంత దగ్గరికి వెళ్లాం. పల్నాడు ఎండల సంగతి తెలిసిందే, రెంటచింతల అక్కడికి ఎంతో దూరం లేదు. గుంత నెర్రెలిచ్చి ఉంది, పైపుకు బిగించిన క్లాంపు తుప్పు పట్టి చేతితో లాగితే ఊడొచ్చింది. కొత్త క్లాంపు, బొగ్గు, ఉప్పు, నాలుగు బకెట్ల నీళ్లు. సాయంత్రానికి రెండు వోల్టులకు దిగింది. ఖర్చు 1,500, సర్వర్ బడ్జెట్ బయట. ఎండాకాలం వారానికి ఒకసారి ఆ గుంతలో బకెట్ నీళ్లు పోయడం ఇప్పుడు వాళ్లబ్బాయి డ్యూటీ.

ఆ వెళ్లిన రోజే డిస్కుల వేడి చూశాను. గదిలో 39 డిగ్రీలు, డిస్కులు 53. ఫ్యాన్ ఉంది కదా అని చూస్తే నీరసంగా తిరుగుతోంది. బోర్డు ఫ్యాన్ వేగాన్ని ప్రాసెసర్ వేడిని బట్టి పెంచుతుంది. మా పెంటియం పనిలేక చల్లగా కూర్చుంది, దాని ముందు డిస్కులు ఉడుకుతున్నా ఎవరికీ పట్టలేదు. బయోస్‌లో ఆ ఫ్యాన్‌ను ఎప్పుడూ 70 శాతం మీద తిరిగేలా కట్టేశాను. 46కి వచ్చింది.

మిగతావి

మొదటి రోజు కాపీ వేగం సెకనుకు 11 ఎంబీ దాటలేదు. ఆయన "ఇదేంటి, పోర్టబుల్ డిస్కే నయం" అన్నారు, న్యాయమే. గోడలో ఉన్న కేబుల్ ఎప్పుడో బ్రాడ్‌బ్యాండ్ కుర్రాడు వేసింది, ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేశాడు. సెకనుకు వంద మెగాబిట్లకు, అంటే పన్నెండు ఎంబీకి, మించి ఎక్కదు. రెండు చివర్లూ కోసి ఎనిమిదీ క్రింప్ చేస్తే 110 ఎంబీకి వెళ్లింది. 120 జీబీ పెళ్లి మూడు గంటల బదులు 18 నిమిషాలు. ఎడిటింగ్ అంతా ఆయన సిస్టమ్‌లోని ఎస్‌ఎస్‌డీ మీదే జరుగుతుంది కాబట్టి 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ కోసం డబ్బు పెట్టలేదు.

ప్లగ్‌లో మీటరు పెట్టి కొలిస్తే డిస్కులు తిరుగుతూ ఊరికే ఉన్నప్పుడు 31 వాట్లు. రోజంతా నడిస్తే నెలకు 22 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 220. ఒక్క వాట్ ఏడాదంతా నడిస్తే 8.76 యూనిట్లు, ఈ లెక్క గుర్తుంచుకుంటే పాత మెషీన్ ఉచితంగా ఇచ్చినా తీసుకోవాలా వద్దా అన్నది కాగితం మీదే తేలిపోతుంది.

బీరువాలోని పోర్టబుల్ డిస్కుల్లో ఆరోగ్యంగా ఉన్న రెండు 2 టీబీవి ఏరి బ్యాకప్‌కు పెట్టాం. ఒకదాంట్లో ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెళ్లిళ్లు, ఇంకోదాంట్లో ఫైనల్ కాపీలు. సత్తెనపల్లిలో ఆయన బావమరిది ఇంట్లో ఉంటాయి, ఆదివారం తెచ్చి కాపీ చేసి పంపాలి. మిర్రర్ ఉంది కదా, ఇదెందుకని అడిగారు. చెరిపేస్తే మిర్రర్ రెండు చోట్లా ఒకేసారి చెరుపుతుంది అన్నాను. ఆషాఢంలో పని లేక ఖాళీగా ఉన్న అసిస్టెంట్ కుర్రాడు ఫోల్డర్లు సర్దుతూ ఒక పెళ్లి మొత్తం డిలీట్ చేశాడు. గంట కిందటి స్నాప్‌షాట్ నుంచి ఫోన్‌లోనే చెప్పి తెప్పించాను. ఆ కుర్రాడు ఆ రాత్రి నాకు మూడుసార్లు థ్యాంక్స్ చెప్పాడు.

నవంబర్‌లో ఒక డిస్కు మీద సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోయిన లెక్క) పెరుగుతున్నాయని మెయిల్ వచ్చింది. డిస్కు పోతోందని ఆయన భయపడ్డారు. ఆ అంకె పెరిగితే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ను. ఎనభై రూపాయల కేబుల్ మార్చాక ఆగిపోయింది.

నా వైపు నుంచి ఇంకో పొరపాటు ఉంది. ర్యామ్ 8 చాలు, రెండో స్లాట్ ఖాళీగా ఉంది, ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఇంకా తగ్గుతుంది అని చెప్పాను. 16 జీబీ స్టిక్ అప్పుడు 2,900. ఆ ఏడాది చివరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎగిరిపోయాయి, ర్యామ్ తయారుచేసే మైక్రాన్ డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడమే మానేస్తున్నట్టు ప్రకటించింది. అదే స్టిక్ ధర రెండింతలు దాటింది. 1,300 దగ్గర పిసినారితనం చూపించాను. ఫోన్‌లో గ్యాలరీ యాప్ పెట్టమని ఆయన అడుగుతున్నారు, 8 జీబీలో అది ఇరుకవుతుంది.

ఇది రాసే ముందు లాగిన్ అయి చూశాను. డిస్కులు 58 శాతం నిండాయి, వేడి 37. బ్యాకప్ డిస్కు చివరిసారి తగిలించింది మూడు వారాల కిందట. ఫోన్ చేస్తే, అది సత్తెనపల్లికి వెళ్లనే లేదు, కౌంటర్ సొరుగులోనే ఉంది, సర్వర్‌కు నాలుగు అడుగుల దూరంలో. ఈ ఆదివారం అటువైపు పని ఉంది, నేనే తీసుకెళ్లి ఇచ్చొస్తానని చెప్పాను.